సముద్రపు దొంగకు సెలవు మంజూరు

ఎవరేమన్నా అననీయండి, ఓడల్ని దోచుకునే దొంగకు బలమైన ఉద్దేశం ఒకటి ఉండి తీరాలి! అది లేనివాడు దొంగతనానికి పనికిరాడు. ఊరికే కత్తి పట్టుకుని పరాయి ఓడ మీదికి దూకితే అది ఉత్త కోతిచేష్ట. ఎందుకు దూకుతున్నాడో, దూకే ముందు వాడి మనసులో ఏముందో, చిన్నప్పుడు వాణ్ని ఎవరు ఏమన్నారో కాగితం మీద స్పష్టంగా రాసుకుని మరీ దూకాలి.

ఈ సత్యాన్ని నెల్లూరు సముద్రతీరానికి పరిచయం చేసిన ఘనత తడ దగ్గర కార్ల తలుపులకు రబ్బరు పట్టీలు చేసే ఒక కంపెనీది. పేరెందుకు లెండి! గొప్ప పనులు చేసేవాళ్లు పేరు కోసం చేయరు.

రబ్బరు పట్టీలు చేసేవాళ్లతో దొంగల ఆట ఆడించడమేమిటని మూతి విరిచే పాఠకులు కొందరుంటారు. వాళ్లు ముందు పెంచలకృష్ణ సంగతి వినాలి.

పెంచలకృష్ణది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాళెం. తండ్రి గంగులయ్య, ఆయన తండ్రి, ఆయనకు తండ్రి, అందరూ చేపల వేటకు పోయినవాళ్లే. పెంచలకృష్ణ మాత్రం డిప్లొమా చదివి, సూళ్లూరుపేటలో రూము తీసుకుని, కంపెనీ బస్సెక్కడం మొదలుపెట్టాడు. రోజుకు పన్నెండు వందల రబ్బరు పట్టీల్ని వేలితో నొక్కి చూసి, బాగున్నవాటి మీద 'ఓకే' అని ముద్ర కొట్టడం ఆయన ఉద్యోగం. నెమ్మదస్తుడు. ఆరేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది లేదు, ఎవరినీ ఎదిరించి మాట్లాడింది లేదు.

ఆ జూన్‌లో వేట నిషేధం ముగిసేనాటికి గంగులయ్య కొత్త ఫైబర్ బోటు చేయించాడు. దానికి మహాలక్ష్మి అని పేరు పెట్టి, ముందువైపు పసుపుపచ్చ రంగుతో రాయించాడు. వచ్చే వారం శుక్రవారం పొద్దున నీళ్లలోకి దించాలి. దించేటప్పుడు ఇంటి పెద్దకొడుకు బోటు ముక్కు పట్టుకుని మొదటి అలలో నిలబడాలి. వాళ్లింట్లో అది పట్టింపు.

"నువ్వు రాకుంటే నేను దించను అబ్బయ్యా. ఇసకలోనే పెట్టి దాంట్లో టమోటా నారు పోస్తా" అని గంగులయ్య ఫోనులో తేల్చేశాడు.

ఒక్కరోజు సెలవు! అదెంత పని? పూర్వంలా ఒకరి గది ముందు చేతులు కట్టుకుని నిలబడే ఖర్మ ఇప్పుడు లేదు. కంపెనీ వాళ్లు లీవ్ యాప్ పెట్టారు. ఫోనులో నొక్కితే చాలు, కాదనే మనిషి మొహం కూడా చూడనక్కర్లేదు. ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి?

యాప్ కారణం ఎంచుకోమంది. జబ్బు, పెళ్లి, కాన్పు, మరణం, ఇతరములు. పెంచలకృష్ణ 'ఇతరములు' నొక్కాడు. ఎవరికి సంబంధించిన విషయమో పేరు రాయమంది. 'మహాలక్ష్మి' అని రాశాడు. ఆమె మీకేమవుతుందని అడిగింది. తల్లి, తండ్రి, భార్య, బిడ్డ, తోబుట్టువు. వీటిలో ఒకటి నొక్కితే గాని ముందుకు కదలదు. చాలాసేపు ఆలోచించాడు. నాన్న దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు కదా అని 'తోబుట్టువు' నొక్కాడు. విషయమేమిటో ఒక్క వాక్యంలో రాయమంది. 'శుక్రవారం ఉదయం నీళ్లలోకి దించుతున్నాం' అని రాసి పంపాడు.

మర్నాడు జవాబొచ్చింది. 'మీ దుఃఖంలో కంపెనీ పాలుపంచుకుంటోంది. దయచేసి డెత్ సర్టిఫికెట్ జతచేయండి.'

ఆ మాట లైనంతా పాకింది. పక్క బెంచీలో పనిచేసే ముఖేష్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. మధ్యాహ్నం భోజనానికి ముందు అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించారు. అంత మర్యాదగా నిలబడ్డవాళ్ల మధ్య నోరు తెరిస్తే బాగుండదని పెంచలకృష్ణ కూడా తల వంచుకుని నిలబడ్డాడు!

నిమిషం పూర్తయ్యాక, అది చెల్లెలు కాదు, బోటు అని చెప్పాడు. ముఖేష్ వారంపాటు మాట్లాడలేదు.

మళ్లీ దరఖాస్తు పెట్టాడు. 'మహాలక్ష్మి మనిషి కాదు, మా కొత్త బోటు' అని వివరంగా రాశాడు. 'కారణం సరిపోదు' అని వచ్చింది. ప్లాంటు మేనేజరు సుధాకర్ గారిని స్వయంగా కలిశాడు. ఆయన కంప్యూటర్ మీద నుంచి తల తిప్పకుండా, "బోటుకు లీవేంది కృష్ణా? రేపు ఇంకొకడొచ్చి సైకిలుకు అడగతాడు" అన్నారు.

సరిగ్గా ఆ దశలో, శనివారం మధ్యాహ్నం, సముద్రపు దొంగలు కంపెనీలోకి ప్రవేశించారు.

వాళ్లను తీసుకొచ్చింది హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన డెబోరా. నెల్లూరు అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఉద్యోగుల్లో మోటివేషన్ తగ్గిందని, దాన్ని వెంటనే పెంచి రిపోర్టు పంపమని మద్రాసులోని హెడ్ ఆఫీసు ఆమెకు ఉత్తరం రాసింది. ఇంకొకరైతే ఒక వక్తను పిలిచి గంటన్నర చప్పట్లు కొట్టించేవారు. డెబోరా అలాంటి మనిషి కాదు. క్యాంటీన్ బల్లలు జరిపించి, తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, సంచీలోంచి ఇరవై ముఖాల పాచిక ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

ఇది కేరమ్స్ కాదు, అష్టాచెమ్మా కాదు. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి ఒక్కరూ ఒక పాత్రను కల్పించుకుని, ఆట అయ్యేదాకా ఆ పాత్రలాగే మాట్లాడాలి. ఒకరు కథ నడుపుతారు. ఎవరైనా సాహసం చేయబోతే పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే బోర్లాపడటమే. ఈసారి అందరూ ఒకే ఓడలో ఉన్న దొంగలు. ఓడ కెప్టెన్‌గా సుధాకర్ గారు, ఆయన నెత్తిన అట్టపెట్టెతో చేసిన టోపీ. మేనేజర్లు కూడా ఆడి తీరాలని హెడ్ ఆఫీసు ఆజ్ఞ మరి.

"మీ దొంగ పేరు, మీసం, కత్తి, అవన్నీ తర్వాత," అంది డెబోరా. "వాడికేం కావాలి? ఎందుకు కావాలి? అది చెప్పండి ముందు. ఐదుసార్లు 'ఎందుకు' అని అడుగుతాను. మనం పట్టీ చినిగితే అడుగుతాం కదా, అలాగే."

చినిగిన పట్టీని ముందేసుకుని ఎందుకు చినిగిందని ఐదుసార్లు ప్రశ్నించడం ఆ ఫ్యాక్టరీలో ఆచారం. ఐదోసారికి అసలు కారణం బయటపడుతుందని నమ్మకం. రబ్బరుకు పనికొచ్చేది మనిషికి ఎందుకు పనికిరాదు?

మొదట ముఖేష్ లేచాడు. తన దొంగకు బంగారం కావాలన్నాడు.

"బంగారం ఎందుకు?"

"ఇల్లు కట్టుకునేదానికి."

"ఓడలో ఉండేవాడికి ఇల్లెందుకు?"

"అద్దెకుండే ఇంటోళ్లు చేపల పులుసు వండనీడంలా మేడమ్!"

డెబోరా కళ్లు మెరిశాయి. రెండు 'ఎందుకు'లకే ఇంత దూరం వచ్చాడని మెచ్చుకుని, 'పులుసు' అని రాసుకుంది. తర్వాత ప్యాకింగ్‌లో పనిచేసే ఉష తన దొంగరాణి పగబట్టి తిరుగుతోందని చెప్పింది. ఎవరి మీద పగ? శత్రువుల ఓడలో ఒకామె రోజూ కిటికీ పక్క సీటును తన చున్నీ వేసి ఆపుకుంటుందట. వెనక కూర్చున్న ఒకావిడ ముఖం తిప్పుకుంది.

పెంచలకృష్ణ వంతు వచ్చింది. తన దొంగకు చిన్నపోలయ్య అని పేరు పెట్టాడు గాని, ఆయనకు మౌలికంగానే ఒక అనుమానం ఉంది.

"సముద్రంలో దోచుకునేదానికి ఏముంటాది మేడమ్? చేపలు, ఐసు పెట్టె, తాళ్లు. చేపలు దోచుకున్నా ఒడ్డుకు తెచ్చి వేలంలో పెట్టాల గదా? ఆడ ఎవురి చేపలెవురివో అందరికీ తెలుసు. మా నాయనైతే చూస్తానే గుర్తుపడతాడు."

"సరే, దోచుకోవద్దు. చిన్నపోలయ్యకు ఏం కావాలి?"

"ఇంటికి పోవాల. ఒక్కరోజు."

"ఎందుకు?"

"వాళ్ల నాయన కొత్త ఓడ కట్టినాడు. నీళ్లలోకి దించాల."

"వీడెందుకు? ఊళ్లో వేరేవాళ్లు లేరా?"

పెంచలకృష్ణ చేతిలోని పెన్సిల్ వైపు చూశాడు. ఆరేళ్లుగా రబ్బరు నొక్కీ నొక్కీ బొటనవేలు చివర నున్నబడి ఉంది.

"ఉండారు మేడమ్. ఓడ దించేదానికి జనం కొదవా? కానీ వీడు ఈ ఓడెక్కినకాడ్నుంచి వాళ్ల నాయన ఒక్కడే తాడు లాగతా ఉండాడు. ఏనాడూ నోరు తెరిచి అనలేదు. పండక్కి పోతే 'కూర్చోరా, నీ చేతులు పాడైపోతాయి' అంటాడు. సుట్టాన్ని అన్నట్టు అంటాడు. ఆ ఒక్కరోజన్నా వీడు మొల్లోతు నీళ్లలో నిలబడితే, వీడింకా మనోడే అని ఆయనకు అనిపించాల."

డెబోరా మూడో 'ఎందుకు' అడగలేదు. తలకు కట్టిన ఎర్రగుడ్డ చివరతో కళ్లు తుడుచుకుని, "కెప్టెన్ని అడుగు చిన్నపోలయ్యా, పాచిక వెయ్యి" అంది.

పాచిక వేశాడు. మూడు పడింది.

"ఓడలో మనుషులు తక్కువ. సెలవు లేదు!" అన్నారు సుధాకర్ గారు కెప్టెన్ గొంతుతో. అంత సహజంగా ఆయన ఇంతకుముందెప్పుడూ నటించలేదు.

అంతే! ఉష బల్ల గుద్ది లేచింది. "తండ్రీ కొడుకుల్ని ఎడబాపతావా? కట్టేయండి ఈయన్ని!" ముఖేష్ పరుగున వెళ్లి స్టోర్లోంచి రబ్బరు పట్టీల కట్ట తెచ్చాడు. ప్లాంటు మేనేజర్ని క్యాంటీన్ స్తంభానికి పద్దెనిమిది పట్టీలతో కట్టేశారు. అన్నీ పెంచలకృష్ణ 'ఓకే' ముద్ర కొట్టినవే, ఒక్కటీ తెగలేదు! సుధాకర్ గారు కూడా రోషంగా పెనుగులాడారు, పాపం. చివరికి ఎక్కడ కదిలిందో ఏమో, పెనుగులాట మాని కేక పెట్టారు.

"పోరా చిన్నపోలయ్యా! నేనొక రాక్షసుణ్ని. మా నాయన పొయినప్పుడు కూడా నేను ఓడలోనే ఉన్నా. నువ్వట్ట కావద్దు. వారం రోజులుండి రా, పో!"

చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. విప్పాక సుధాకర్ గారు అందరినీ కావలించుకున్నారు. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా? పెంచలకృష్ణ ఫోను తీసి ఆయన దగ్గరికి వెళ్లాడు.

"సార్, అట్టనే నా లీవు కూడా... శుక్రవారానికి..."

సుధాకర్ గారు అట్టటోపీ తీసి బల్ల మీద పెట్టారు. చేతికంటుకున్న రబ్బరు వాసన చూసుకున్నారు.

"శుక్రవారం డిస్పాచ్ ఉంది గదా కృష్ణా. అయినా, రీజన్ ఏంది?"

సోమవారం పొద్దున పెంచలకృష్ణ ముద్ర కొట్టే స్టాంపు బెంచీ మీద పెట్టేసి, నేరుగా డెబోరా గదికి నడిచాడు. జీవితంలో మొదటిసారి పిలవకుండా ఒకరి గదిలోకి వెళ్లాడు. కూర్చోమనకముందే కూర్చున్నాడు కూడా.

"మేడమ్, నేనొక ఐదుసార్లు అడగతా. నాకు లీవు ఎందుకు రాదు?"

"యాప్ ఒప్పుకోవడం లేదండీ."

"ఎందుకు ఒప్పుకోదు?"

"బోటు అనే కారణం లిస్టులో లేదు."

"ఎందుకు లేదు?"

"లిస్టు రాసింది హెడ్ ఆఫీసు వాళ్లు. వాళ్లకు బోటు సంగతి తెలీదు."

"ఎందుకు తెలీదు?"

"వాళ్లు సముద్రం వైపు వెళ్లరు కదా."

"ఉండేది మద్రాసులో! బస్సెక్కితే సముద్రం. ఎందుకు పోరు?"

డెబోరా నోరు తెరిచింది.

"లీవు దొరక్క" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు డెబోరాకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక సొరుగులోంచి ఆ ఇరవై ముఖాల పాచిక తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది కొని ఎనిమిదేళ్లయింది పెంచలకృష్ణ గారూ. కాలేజీలో ఆడదామంటే ఎవరికీ టైము లేదు. చర్చిలో యూత్‌ని అడిగితే, దొంగల ఆట మనకెందుకమ్మా, క్విజ్ పెట్టుకోండి అన్నారు పాస్టరు గారు. మొన్న శనివారం మొదటిసారి ఇది బల్ల మీద దొర్లింది. నాతో ఆడేదానికి నలభైమందికి జీతమిచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది." ఆ చివరి మాటకు నవ్వబోయింది గాని కుదరలేదు. "మీ చిన్నపోలయ్య లేకపోతే అదొక ఆట కూడా అయ్యేది కాదు."

"మీరు బాగా ఆడిచ్చినారు మేడమ్" అన్నాడు పెంచలకృష్ణ. మనస్ఫూర్తిగానే అన్నాడు.

డెబోరా కంప్యూటర్ వైపు తిరిగింది. సెలవుల లిస్టులో బోటు లేదు సరే. ట్రైనింగుల లిస్టులో? అక్కడ ఏమైనా రాయొచ్చు! 'మోటివేషన్ కార్యక్రమం, రెండో భాగం: పాత్ర నివసించే పరిసరాల ప్రత్యక్ష పరిశీలన. స్థలం: వాకాడు మండల తీరం. శుక్రవారం. పాల్గొనేవారు: ఒకరు. శిక్షకురాలు: ఒకరు.' పంపిన ఏడో నిమిషానికి మంజూరైంది. పైగా దాన్ని డ్యూటీగా లెక్కగట్టి, మధ్యాహ్నం భోజనానికి రెండు పొట్లాలు కూడా కట్టి ఇచ్చారు.

శుక్రవారం పొద్దున పాళెంలో ఇసక ఇంకా చల్లగా ఉంది. మహాలక్ష్మి ముక్కుకు పసుపు పూసి, నిమ్మకాయల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. గంగులయ్య కొత్త తువ్వాలు కట్టుకుని, కొడుకు వెనక బూట్లతో ఇసకలో తడబడుతూ వస్తున్న డెబోరాను ఎగాదిగా చూశాడు.

"ఈయమ్మేనా దొంగల టీచరు?"

"నాయనా, మెల్లగా!"

"ఏందిరా మెల్లగా? మా బోటుకు సెలవిప్పిచ్చింది గదా. దామ్మా, ముందుకు రా."

పెంచలకృష్ణ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి బోటు ముక్కు పట్టుకున్నాడు. ఇరవైమంది వెనక నుంచి తోశారు. ఇసక కరకరమంది. మొదటి నీళ్లు పాదాలకు తగిలినప్పుడు, ఆయన చేతి పక్కనే ఇంకొక చెయ్యి వచ్చి బోటును పట్టుకుంది. నల్లగా, తాళ్ల గీతలతో గరుగ్గా ఉన్న చెయ్యి. "కూర్చోరా" అని ఈసారి గంగులయ్య అనలేదు.

ఇటువంటి సమయంలో ఒక మంచి హెచ్‌ఆర్ అధికారిణి ఏం చేయాలి? డెబోరా అదే చేసింది. నోట్‌బుక్ తీసి, గంగులయ్య పక్కకు వెళ్లి, అలల చప్పుడులో గట్టిగా అడిగింది.

"అయ్యా, మీరు సముద్రానికి ఎందుకు పోతారు?"

"పొద్దున్నే లేచి ఇంకేం జేయాలమ్మా?"

"అది కాదు. ఎందుకు?"

"అమ్మా, పక్కకు జరుగు. అల వస్తా ఉంది."

"అంటే, లోపల మీకు అసలు..."

అల వచ్చింది. నోట్‌బుక్, పెన్ను, ఎడమకాలి బూటు సముద్రం తీసుకుంది. మనిషిని మాత్రం గంగులయ్య జబ్బ పట్టి లేపాడు. మహాలక్ష్మి ఊగి, నిలదొక్కుకుని, తేలింది. ఒడ్డున కేకలు. నిలువునా తడిసి ఉప్పునీళ్లు ఉమ్ముతున్న డెబోరా అందరికంటే గట్టిగా కేక వేసింది. పెంచలకృష్ణ బోటు వదల్లేదు, నీళ్లు రొమ్ముదాకా వచ్చినా వదల్లేదు. చివరికి గంగులయ్యే "ఇంక వదలరా, పోనీ దాన్ని!" అని అరవాల్సి వచ్చింది.

ఇంత మంచి ఫలితం చూశాక ఏ హెడ్ ఆఫీసైనా ఊరుకుంటుందా? డెబోరా పంపిన రిపోర్టు చదివి హెడ్ ఆఫీసు మురిసిపోయింది. ఆమె ఆ రిపోర్టు చివర, లిస్టులో ఇంకొన్ని కారణాలు చేర్చమని ప్రాధేయపడింది. వాళ్లు అంతకంటే ఉదారంగా ఆలోచించి, లిస్టునే ఎత్తేశారు! ఇకమీదట సెలవు కావలసిన ప్రతి ఉద్యోగీ తన అంతరంగాన్ని ఐదు వందల మాటలకు తగ్గకుండా రాసి పంపాలి. బాల్యం, లోటు, ఆశయం, ఒక మలుపు తప్పనిసరి. చదివి తేల్చడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు.

కంపెనీలో సాహిత్యం వెల్లివిరిసింది. పన్ను పీకించుకోవడానికి ఉష రాసిన పూటసెలవు పత్రం చదివి ముగ్గురు ఏడ్చారు. సుధాకర్ గారు తిరుమల వెళ్లడానికి రాసింది రెండు భాగాలుగా వచ్చింది. అబద్ధాలు రాయడం చేతకాని పెంచలకృష్ణ ఒక్కడే ఆ తర్వాత ఒక్క సెలవూ అడగలేదు. ఆదివారాలు పాళెం పోయి తాడు లాగి వస్తున్నాడు, అంతే.

ఇన్ని మేళ్లు జరిగినా తృప్తిలేని మనుషులుంటారు. మొన్న ముఖేష్‌కు నూటమూడు జ్వరం. దుప్పటి కప్పుకుని, వణికే వేలితో 'ఒంట్లో బాగాలేదు' అని రెండే మాటలు రాసి పంపాడట. పదినిమిషాల్లో తిరిగొచ్చింది.

'ఇందులో మనిషి కనబడటం లేదు. మళ్లీ రాయండి.'